తెల్లాపూర్ కొత్త టవర్లలో టూ బీహెచ్‌కే: టేపు పట్టుకెళ్లి చూశాం

మేమిద్దరం, నాలుగేళ్ల బాబు. త్రీ బీహెచ్‌కే మాకు అక్కర్లేదు, అంత స్తోమతా లేదు. అందుకే పోయిన ఆదివారం హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్ దగ్గర కడుతున్న ఓ పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లాం, పేరు ఇక్కడ రాయడం లేదు. సేల్స్ ఆఫీసులో మా పక్కన కూర్చున్నవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లూ పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లూ, అందరూ అడుగుతున్నది టూ బీహెచ్‌కేనే. తీరా చూస్తే ఫ్లోరుకి ఎనిమిది ఫ్లాట్లలో అవి రెండే, రెండూ లిఫ్టుల పక్కనే. దగ్గర్లోని కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో 2023లో జరిగిన ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది, ఈ వైపు అంత ఖరీదు పెట్టి స్థలం కొన్నవాళ్లు పెద్ద ఫ్లాట్ల మీదే మొగ్గు చూపుతారు, సరే, మరి మాలాంటివాళ్లు ఎక్కడ కొనాలి?

మోడల్ ఫ్లాట్‌లో హాలు నాకు నిజంగా నచ్చింది, గాలీ వెలుతురూ బాగున్నాయి. రెండో బెడ్‌రూమ్ దగ్గరే తేడా కొట్టింది. తలుపు బిగించలేదు, ఒక వైపు గోడ బదులు గాజు పెట్టారు, దాంతో గది పెద్దగా కనిపిస్తుంది. అందులో వేసిన మంచం పొడవు కొలిస్తే ఐదున్నర అడుగులే ఉంది! మా ఇంట్లో ఉన్న ఆరున్నర అడుగుల మంచం వేసి బీరువా పెడితే తలుపు సగమే తెరుచుకుంటుంది. యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పెట్టాక అంట్లు తోమే మనిషి నిలబడటానికి చోటు ఉండదని మా ఆవిడ అక్కడే నిలబడి చూపించింది.

బ్రోషర్‌లో 1,085 చదరపు అడుగులు అని పెద్ద అక్షరాల్లో ఉంది. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం నిజంగా వాడుకునే చోటు, ఎంతండీ అని రెండుసార్లు అడిగితే 690 అన్నారు. మిగతాది బయటి గోడలు, బాల్కనీ, కారిడార్లు, క్లబ్ హౌస్‌లో మన వాటా. రేటు మాత్రం మొత్తం 1,085కీ కడతారు, అడుగు 8,200 చొప్పున దాదాపు 89 లక్షలు. దానిపై 5 శాతం జీఎస్టీ, 7.5 శాతం రిజిస్ట్రేషన్ కలిపితే పార్కింగ్, కార్పస్ ఫండ్ (కమ్యూనిటీ నిర్వహణకి ముందే కట్టించుకునే నిధి) లెక్కలోకి రాకముందే కోటి దాటింది. జీఎస్టీ 1 శాతమే పడాలంటే ధర 45 లక్షల లోపు, మెట్రో నగరాల్లో అయితే కార్పెట్ 60 చదరపు మీటర్ల లోపు ఉండాలి, ఈ ఏరియాలో ఆ ధరకి మాకు ఒక్క ఫ్లాటూ దొరకలేదు.

అన్నిటికంటే బాధ అనిపించింది బుకింగ్ విషయంలో. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకముందే 20 శాతం కట్టమన్నారు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా ప్రకారం 10 శాతం మించి తీసుకోకూడదు కదా అంటే "అందరూ ఇస్తున్నారు సార్, రేపటికి ఈ ఫ్లాట్ ఉండదు" అన్నాడా సేల్స్ అబ్బాయి. ఆ మాటతో మా ఆవిడకి టెన్షన్ మొదలైంది, టోకెన్ కట్టేద్దామా అంది కూడా. నేను కట్టనివ్వలేదు. కార్పెట్ ఏరియా, యూడీఎస్ (స్థలంలో మనకొచ్చే విభజించని వాటా) రాసి ఉన్న అగ్రిమెంట్ కాపీ మెయిల్ చేయమన్నాను, ఇవాళ్టికి ఐదు రోజులు, ఇంకా రాలేదు. ఫోన్లు మాత్రం రోజూ వస్తున్నాయి.