ఏటి గట్టు పొలానికి వరల బావా, బోరా?

స్వర్ణముఖి ఏడాదంతా పారే ఏరు కాదు. అక్టోబరు, డిసెంబరు మధ్య వానలకు నిండి, తర్వాత ఇసుక కిందికి దిగిపోతుంది.

ఖర్చు: వరల బావికే తక్కువ.

శ్రమ: బావికే ఎక్కువ. లోపల ఇసుక తోడుతూ గుండ్రటి సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి దించాలి. ఒకపక్కే తోడితే వర వాలుతుంది, మళ్లీ నిలబెట్టడం నరకం. అడుగున కంకర పోయకపోతే మోటారు ఇసుక లాగి, లోపల నీళ్లు నెట్టే చక్రం (ఇంపెల్లరు) అరిగిపోతుంది. బోరుకు కేసింగు గొట్టం గట్టి రాయి దాకా దిగితే చాలు.

ప్రమాదం: ఏట్లో ఇసుక తవ్వేస్తే ముందు ఎండేది బావే. బోరుకైతే గ్రానైటులో పగులు తగలాలి, లేదంటే డబ్బంతా రాతిపొడే.

తిరుచానూరు వైపు ఏడాదికి ఒక్క కారు (ఒక పంట) వరికి బావి చాలు. మామిడి మొక్కలకు ఎండాకాలం తడి కావాలంటే బోరు. వాకాడు దాటి సముద్రం దగ్గరైతే బావే, అదీ నిదానంగా తోడాలి. ఆత్రపడితే ఉప్పునీళ్లు ఎక్కుతాయి.