శాంటోరినీలో సూర్యాస్తమయం కన్నా ముసలి తీగలు నచ్చాయి

గ్రీసు ద్వీపం శాంటోరినీ అనగానే అందరూ సూర్యాస్తమయానికి పేరుపడ్డ ఓయా ఊళ్లో ఫోటోల గురించే అడుగుతారు, నేను వెళ్లింది మాత్రం అసీర్టికో కోసం. అక్కడి తెల్ల ద్రాక్ష రకం అది, దానితో చేసే డ్రై వైన్‌లో తీపి అస్సలుండదు. మా ఆయన మందు ముట్టరు కాబట్టి డ్రైవింగ్ ఆయనది. (కారు అద్దెకిచ్చేవాళ్లు మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడిగారు, మర్చిపోకండి.)

ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీలో దాదాపు 8 గంటలు పట్టింది. మొదటి రెండు రాత్రులు ద్వీపంలోని ముఖ్య పట్టణం ఫీరాలో దిగి తప్పు చేశాం. సముద్రం కనిపించే గది అన్నారు, కనిపించేది బాల్కనీ చివర నిలబడి మెడ సాచితేనే. పైగా సూట్‌కేసులతో మెట్లు! మూడో రోజు మెగాలోహోరి ఊళ్లో చిన్న ఇంటికి మారిపోయాం. అద్దె దాదాపు సగం, రాత్రి తొమ్మిదైతే కుక్కల అరుపు తప్ప చప్పుడు లేదు. వైన్ కోసం వెళ్లేవాళ్లు నేరుగా ఇటే దిగండి.

మొదటి వైన్ టేస్టింగ్ (రుచి చూడటం) కొండ అంచున ఒక పెద్ద చోట, సరిగ్గా సూర్యాస్తమయం వేళకి బుక్ చేసుకున్నాం. పేరు చెప్పను. ఆరు గ్లాసులు ఒకేసారి తెచ్చి పెట్టి పోయారు, ఏది ఏమిటో చెప్పే తీరిక ఎవరికీ లేదు, ఎండకి నాలుగో గ్లాసుకొచ్చేసరికే వైన్ గోరువెచ్చగా అయిపోయింది. 30 యూరోల పైనే పోయాయి, వ్యూకి ఇచ్చామనుకోవాలి.

మర్నాడు పొద్దున పదకొండుకి ఎపిస్కోపి గోనియా ఊళ్లోని ఆర్గిరోస్ ఎస్టేట్ అనే వైనరీకి వెళ్లాం. 1903లో మొదలైన కుటుంబ వైనరీ వాళ్లది. ముందు తోటలోకి తీసుకెళ్లారు, అదే నాకు కావలసింది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు చూసి పెరిగినదాన్ని, ఇక్కడ పందిరీ లేదు, గుంజా లేదు. గాలికి తట్టుకోవడానికి తీగని నేల మీదే గుండ్రంగా చుట్టేస్తారు, అచ్చం కుండ కింద పెట్టే చుట్టకుదురులా, గుత్తులు దాని లోపల దాక్కుంటాయి. దాన్ని కులూరా అంటారు. వాన దాదాపు లేనట్టే, రాత్రి సముద్రం మీంచి వచ్చే మంచే తడి. 19వ శతాబ్దంలో యూరప్ తోటల్ని తినేసిన ఫిలోక్సెరా పురుగు ఈ అగ్నిపర్వత మట్టిలో, బంకమన్ను లేకపోవడంతో బతకలేకపోయిందట, అందుకే ఇవి అంటు కట్టకుండా సొంత వేర్ల మీదే ఉన్నాయి. కాపు బాగా తగ్గిపోయినప్పుడు పైన చుట్టని నరికేస్తారు, అదే వేరు మళ్లీ చిగురేస్తుంది. అంటే పైన చూసి వయసు చెప్పలేం.

రుచికొస్తే, మామూలు అసీర్టికో మన ఉప్పు వేసిన నిమ్మసోడాకి పెద్దన్నయ్య. పులుపు నాలుక పక్కల్ని పట్టుకుంటుంది, వెనకాలే ఉప్పదనం. 200 ఏళ్లు దాటిన తీగలవని చెప్పే క్యూవే మోన్సిన్యోరి అనే వైన్ పోశాక తేడా తెలిసింది. వాసన ఎక్కువేం లేదు, ముక్కు పెడితే నిరాశే. నోట్లోకి వెళ్లాక మాత్రం బరువుగా, కాస్త వగరుగా, మింగేశాక కూడా చాలాసేపు ఉండిపోయింది. పాత తీగ అంటే పండ్ల వాసన ఎక్కువ అనుకునేదాన్ని, కాదు. ఓక్ పీపాలో ఉంచిన రకం కూడా ఇచ్చారు, నాకు చెక్క వాసనే అడ్డొచ్చింది.

సాయంత్రం మేం దిగిన మెగాలోహోరిలోనే గవాలాస్ వైనరీకి నడిచి వెళ్లాం. చిన్నది, మాట్లాడే తీరిక ఉన్నవాళ్లు. అరుదైన కట్సానో ద్రాక్ష వైన్ ఇక్కడ తాగాను, అసీర్టికో కన్నా మెత్తన, పులుపు పడనివాళ్లకి ఇదే మంచిది. వెనెట్సానోస్ వైనరీ కూడా చూశాం: 1947లో కొండ మీద కట్టారు, కరెంటు లేని రోజులు కాబట్టి రసం పై అంతస్తు నుంచి కిందకి దానంతటదే జారేలా. కట్టడం బాగుంది, వైన్ పరవాలేదు.

తిండికి ఫావా అడగండి. పేరు ఏదైనా అది ముద్దపప్పే, పైన నెయ్యికి బదులు ఆలివ్ నూనె, ఉల్లిపాయ. టమాటా పకోడీల్లాంటి తోమాతోకెఫ్తేదెస్ కూడా. ఈ రెంటితో అసీర్టికో కుదిరినట్టు చేపతో కూడా కుదరలేదు నాకు.

టేస్టింగులు ముందే బుక్ చేసుకోండి, పొద్దున పూటే. మోన్సిన్యోరి సీసా ఒకటి చెక్-ఇన్ సూట్‌కేసులో నా కాటన్ చీరలో చుట్టి తెచ్చాను. పులిహోరతో తెరుద్దామని నేను, ముద్దపప్పుతోనే అని ఆయన, తాగని మనిషి!