పెద్దవాళ్ల సంరక్షణకి ‘గైడెన్స్’ ఇస్తామనే మేడమ్‌తో జాగ్రత్త

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా, రీల్స్ చూసేవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. నేత చీర, పెద్ద బొట్టు, "అది మొండితనం కాదండీ, జబ్బు" అని మెత్తగా చెప్పి మనల్ని ఏడిపించే మేడమ్. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఆ రీల్ చూసి ఏడ్చి నాకు పంపాడు. నేనూ ఏడ్చాను. ఏడ్చి 12,000 కట్టాను, మూడు నెలల ప్యాకేజీకి.

అమ్మకి 76. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని రెండేళ్ల కిందట న్యూరాలజిస్టు చెప్పారు. మందులు వాడుతూ ఎలాగో నెట్టుకొస్తున్నాం. పోయిన నెలలో ఉన్నట్టుండి మూడు రోజుల్లో అంతా తిరగబడింది. రాత్రంతా నిద్ర లేదు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటుంది. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు, మా అమ్మాయి బ్యాంకు నుంచి వచ్చిందా?" అని అడిగింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మేడమ్‌కి ఫోన్ చేశాను. వీడియో కాల్‌లో 20 నిమిషాలు చూసి, "స్టేజ్ మారిపోయిందండీ, ఇక ఇంట్లో మీ వల్ల కాదు" అంది. జ్వరం ఉందా, మూత్రం సరిగ్గా వస్తోందా, కొత్త మందేమైనా మొదలుపెట్టారా, ఒక్క ముక్క అడగలేదు. పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకునే ఒక హోమ్ పేరు మాత్రం చెప్పింది. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, నెలకి 45,000. "నేను ఎవరి దగ్గరా రూపాయి తీసుకోను, అందుకే మీ దగ్గర ఫీజు తీసుకుంటాను" అని మొదటి రోజే చెప్పిన మనిషి కదా, నమ్మాను. మర్నాడే వెళ్లి టోకెన్ 40,000 కట్టాను.

అక్కడ రశీదు రాసే కుర్రాడు రిజిస్టర్ నా వైపు తిప్పి సంతకం పెట్టమన్నాడు. అమ్మ పేరు, వయసు, నా నంబరు. ఆఖరి గడిలో మేడమ్ పేరు, పక్కన "1 నెల" అని ఉంది. ఇదేంటి బాబూ అన్నాను. "అది మేడమ్ గారిదండీ, మొదటి నెల ఫీజు ఆవిడకి వెళ్తుంది" అన్నాడు. దాచాలన్న సంగతి ఆ పిల్లాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. నా పైన ఉన్న మూడు వరుసల్లోనూ అదే పేరు, అదే "1 నెల".

కూకట్‌పల్లిలో ఫ్లాట్ అద్దెకి తీసుకున్నప్పుడు బ్రోకర్ నెల అద్దె అడిగితే వారం రోజులు పోట్లాడి సగానికి దించినదాన్ని నేను. మా అమ్మ విషయంలో నెల అద్దె బ్రోకరేజీకి నోరెత్తకుండా సిద్ధపడ్డాను. అంతకుముందు రాత్రే ఆవిడకి థాంక్స్ అని మెసేజ్ కూడా పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు రెండు.

బయటికొచ్చి స్కూటీ పక్కన నిలబడి ఫోన్ చేశాను. "ఎవరి దగ్గరా తీసుకోనన్నారు కదండీ?" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. రెండు క్షణాలు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చింది రీల్‌లో గొంతు కాదు.

"చూడండి మేడమ్, మీ అమ్మగారిని మీరు చూసుకోలేకే కదా నా దగ్గరికొచ్చారు. నేనేం బొట్టు పెట్టి పిలవలేదు. సీటు కావాలో వద్దో సాయంత్రంలోపు చెప్పండి." పెట్టేసింది.

డబ్బు పోతే పోయింది. ఆ మాటే నన్ను తినేస్తోంది. ఎందుకంటే మొదటి కాల్‌లో నేనే ఆవిడకి అంతా చెప్పుకున్నాను. గ్యాస్ ఆర్పకుండా వదిలేసిందని ఒకరోజు అమ్మ మీద గట్టిగా అరిచాననీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదనీ, నేను మంచి కూతుర్ని కాదేమో అనిపిస్తోందనీ. "మీలాంటి కూతుళ్లు అరుదండీ" అంది అప్పుడు. ఎక్కడ కొడితే తగులుతుందో అప్పుడే గుర్తుపెట్టుకుంది. కర్ర నేనే చేతికిచ్చాను, ఫీజు కట్టి మరీ. సమాధానం మాత్రం ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది, అదీ ఒకటి కాదు, నాలుగు.

ఇంకా ఉంది. చేర్చుకోవాలంటే డాక్టర్ సర్టిఫికెట్ కావాలని హోమ్ వాళ్లన్నారు కదా అని మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగారు. నాలుగైదు రోజులన్నాను. పెన్ను కింద పెట్టేశారు. "డిమెన్షియా మామూలుగా ఇలా నాలుగు రోజుల్లో దూకదమ్మా, ముందు యూరిన్ చూద్దాం" అన్నారు. చూస్తే యూరిన్ ఇన్ఫెక్షన్! పెద్ద వయసులో జ్వరం, మంట ఏమీ లేకుండానే ఇన్ఫెక్షన్ ఒక్కోసారి ఇలా మతి తప్పిస్తుందట. డెలీరియం అంటారట. సోడియం తగ్గినా, ఒంట్లో నీళ్లు తగ్గినా, కొత్త నిద్రమాత్ర పడకపోయినా ఇలాగే అవ్వచ్చట. యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. వారం దాటాక ఒకరోజు పొద్దున అమ్మ "కాఫీలో పంచదార వేశావా, వాసన చూపించావా?" అంది. నా పేరు పెట్టి పిలిచి మరీ అంది. మతిమరుపు పోలేదు, పోదు. కానీ ఆవిడ చెప్పిన "స్టేజ్" ఒక మందుల కోర్సుకి దిగిపోయింది. ఆ సర్టిఫికెట్ గొడవే లేకపోతే ఆ ఇన్ఫెక్షన్‌తోనే అమ్మని అక్కడ దింపేసి వచ్చేదాన్ని.

హోమ్‌లో పెట్టడమే తప్పు అనట్లేదు. రేపు నాకూ అవసరం పడవచ్చు. పెట్టినవాళ్లని ఎవరూ ఏమీ అనకండి.

చెప్పాల్సినవి రెండు మూడే. మనిషిలో ఉన్నట్టుండి మార్పు వస్తే ముందు డాక్టరు, తర్వాతే ఎవరైనా. డాక్టరుకి మెడికల్ కౌన్సిల్ నంబరుంటుంది, నర్సుకి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఈ కన్సల్టెంట్లకి ఏముందో అడగండి. హోమ్ నుంచి మీకేమైనా వస్తుందా అని వాట్సాప్‌లో అడిగి, జవాబు వాట్సాప్‌లోనే తీసుకోండి, నాలాగా నోటిమాట నమ్మొద్దు. పెద్దవాళ్ల కోసం 14567 అని ఉచిత ఎల్డర్ లైన్ ఉంది. నాకు ఈ గొడవయ్యాక తెలిసింది, తెలివి!

నిన్న వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. రశీదు కింద "టోకెన్ తిరిగి ఇవ్వబడదు" అని చీమ తలకాయంత అక్షరాలతో ఉంది, చదవకుండానే సంతకం పెట్టాను. రిజిస్టర్ ఫోటో కూడా తియ్యలేదు. ఇలాంటి టోకెన్ వెనక్కి రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో కాస్త చెప్పండి.