ఎం.ఆర్.పల్లి ఫ్లాటు: పదేళ్ల కాపురం తర్వాత

తిరుపతిలో ఫ్లాటు చూడబోతే బిల్డరు ముందు బాల్కనీలోకే తీసుకుపోతాడు, కొండ చూపించడానికి. మాకూ చూపించాడు, అడుక్కింతని పైన వేశాడు కూడా. కొన్నాళ్లకే పక్క స్థలంలో ఐదంతస్తులు లేచాయి. ఇప్పుడు మా బాల్కనీకి ఎదురుగా ఉండేది వాళ్ల వంటింటి చిమ్నీ.

మాది ఎం.ఆర్.పల్లిలో డబుల్ బెడ్‌రూమ్, రెండో అంతస్తు, తూర్పు వాకిలి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, యూనివర్సిటీ అన్నీ ఆటోలో పోయేంత దూరమే. అలిపిరి వైపు ఉండేవాళ్లకు వచ్చినట్టు బ్రహ్మోత్సవాల ట్రాఫిక్ మా గుమ్మం దాకా రాదు. తావుకు మంచి మార్కులే వేస్తా, వాన సంగతి పక్కన పెడితే. 2021 నవంబరులో మా సెల్లారులో బళ్లన్నీ మునిగాయి. అప్పుడే దగ్గర్లోని శ్రీకృష్ణనగర్‌లో ఒకామె సంపు కడుగుతుంటే, సిమెంటు వరల సంపు అమాంతం నేలలోంచి పైకి లేచింది. ఊరంతా చూడ్డానికి పోయింది. వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే టౌన్లోకి చుట్టు తిరిగి పోవాల్సిందే. అందుకే ఈ వైపు ఇల్లు చూసేవాళ్లను కార్తీకంలో, గట్టి వాన పడిన మర్నాడు రమ్మంటాను. సెల్లారు గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో అప్పుడే తెలుస్తుంది.

సౌకర్యాల మాటకొస్తే, ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెను మొదటి రెండేళ్ల ముచ్చట. తేమకు కింది అరల ప్లైవుడ్ ఉబ్బింది. పనికొచ్చింది ఎదురెదురు కిటికీలు. మే నెలలో పై అంతస్తువాళ్లు రాత్రి పదకొండుకు కూడా ఏసీ ఆపలేరు, మేం కిటికీలు తీసుకుని పడుకుంటాం.

అసలు లెక్క అమ్మేటప్పుడు బయటపడుతుంది. మా అంతస్తులోనే ఒకాయన లక్షలు పోసి ఇంటీరియరు చేయించుకుని, ఈమధ్య అమ్ముకున్నాడు. ఇంటీరియరుకు రూపాయి కూడా కట్టలేదు కొన్నాయన. 'అన్నా, భూమి వాటా ఎంతొస్తుంది?' ఇదే మొదటి ప్రశ్న. బిల్డింగు పాతబడే కొద్దీ గోడల విలువ తగ్గి, వాటాకొచ్చిన నేలే ధర నిలబెడుతుంది. ఆ వాటా అంకణాల్లో చెబితే జాగ్రత్త: తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. నెల్లూరు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

తర్వాత కాగితాలు. ఈ ఊళ్లో మఠం భూములు, దేవాదాయ భూములు ఎక్కువ. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు, ఇల్లు ఎంత బాగున్నా సరే. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం)తో పాటు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకం దస్తావేజులు, అడ్వాన్సు ఇవ్వకముందే లాయరుకు చూపించాలి. రెండు మూడేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు కలిపి 7.5 శాతం అవుతుందని గుర్తుపెట్టుకోండి. ధర అంత పెరిగితేగాని అసలు కూడా రాదు.

కింది ఫ్లాటుది దక్షిణం వాకిలి. అందుకని బేరమాడి తక్కువకే కొన్నాడు దాని ఓనరు, రేపు అమ్మబోయినా తగ్గించక తప్పదు. బాడుగకిస్తే మాత్రం రెండు ఫ్లాట్లకీ ఒకటే వస్తుంది. బాడుగకొచ్చే టీటీడీ ఉద్యోగులు, యూనివర్సిటీ వాళ్లు వాకిలి ఎటుందని అడగరు, బోరులో నీళ్లున్నాయా అని అడుగుతారు.