పాత మినీ లారీకి ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాను: ఎండలకు నిలిచిందా?

నిలిచింది. బెల్టుతో తిరిగే పాత ఫ్యాను తీసేసి 12 వోల్టుల ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించి ఏళ్లు గడిచాయి. నల్లగొండ చుట్టుపక్కల వడ్లు, పత్తి, సిమెంటు తోలే బండి నాది. ఈ ఫ్యాను కొనాలనుకునేవారు ధర కంటే ముందు వైరింగు గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

మొదట బిగించిన షెడ్డులో కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండానే పంపారు. ఈ ఫ్యాను తిరిగేటప్పుడే 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. వేములపల్లి దాటాక స్విచ్చు వెనక ప్లాస్టిక్ మెత్తబడి, క్యాబిన్ నిండా కాలిన వాసన వచ్చింది. అదంతా విప్పించి రిలేతో, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చుతో, కొత్తగా చేయించాను. ఇప్పటికీ నడుస్తున్నది ఆ వైరింగే.

బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 40 ఆంపియర్ల రిలే 30వ కాలుకు వైరు వస్తుంది. 87వ కాలు నుంచి ఫ్యానుకు వెళుతుంది. 86కు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు, 85 నుంచి థర్మో స్విచ్చు (ఇంజను నీటి వేడిని బట్టి వేసి ఆపేది) మీదుగా ఎర్తు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. దాన్ని ఫ్యాను దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుపోయి ఛాసిస్‌కు తగిలినప్పుడు మంట ఆపేది ఏదీ ఉండదు.

వైరు మందం దగ్గర పిసినారితనం అసలు వద్దు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 4 మీటర్లు లాగితే, 20 ఆంపియర్లకు దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, వైరు వేడెక్కుతుంది. నేను 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించాను. ఎర్తు కూడా అంతే మందం. ఛాసిస్ మీద రంగు గీకి, ఇనుము మెరిసే చోట బోల్టు బిగించి, పైన గ్రీజు పూశాం. ఏటా ఎండలకు ముందు ఫ్యాను తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఫ్యాను మైనస్‌కూ మధ్య మల్టీమీటరు పెడతాను. పావు వోల్టు దాటితే ఆ బోల్టు విప్పి శుభ్రం చేయాల్సిందే.

బిగించాక ముందు జాలీ దగ్గర పలచని కాగితం పట్టి చూడండి. రేడియేటర్ వెనక బిగించిన ఫ్యానైతే కాగితాన్ని లోపలికి లాగి అతికించుకోవాలి. తోసేస్తే మోటారు ప్లస్, మైనస్ తారుమారైనట్టే. అలా వదిలేస్తే అది బండి వేగంతో వచ్చే గాలికే ఎదురు తిరుగుతుంది.

నా బండిలో థర్మోస్టాట్, అంటే వేడెక్కిన నీటిని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, 82 డిగ్రీలకు తెరుచుకుంటుంది, థర్మో స్విచ్చు 95కు ఫ్యానును వేసి 90కి ఆపుతుంది. 82 కంటే తక్కువకు వేసే స్విచ్చు కొంటే ఫ్యానుకు విశ్రాంతే ఉండదు. హైవే మీద ఖాళీగా వెళ్తున్నప్పుడు ఇది దాదాపు తిరగదు. దీని అసలు విలువ తెలిసేది యాసంగి వడ్ల కాలంలో, మిర్యాలగూడ మిల్లుల ముందు. ఎండ 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం వరుసలో అంగుళం అంగుళం జరుగుతున్నప్పుడు, పాత ఫ్యాను ఇంజను నిదానంతో పాటే నిదానించేది. ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపు దగ్గరికి పోయేది. ఇప్పుడు నిలబడ్డ బండిలోనూ ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది, ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఆ ప్రశాంతతకే పెట్టిన డబ్బు వసూలైంది.

మైలేజీ పెరుగుతుందని అమ్మేవాళ్లు చెప్పినంత నాకు కనిపించలేదు. శబ్దం మాత్రం బాగా తగ్గింది. మిల్లుల పొట్టు, పత్తి పీచు రేడియేటర్ రెక్కల్లో చేరితే ఫ్యాను మరీ తరచుగా వేసుకుంటుంది. అప్పుడు ఇంజను వైపు నుంచి గాలి కొట్టించాలి. రాత్రి హెడ్‌లైట్లతో పాటు ఇదీ తిరుగుతుంటే పాత డైనమో తట్టుకోదు, ముందే పరీక్ష చేయించుకోండి.

10 టైర్ల లారీలకు మాత్రం ఇది వద్దు. వాటి విద్యుత్తు 24 వోల్టులు, అది ఒక కారణం. నా ఫ్యాను లాగే 240 వాట్లు హార్స్‌పవర్‌లో మూడో వంతు కూడా రాదు. ఆ పెద్ద ఇంజన్ల వేడిని ఈ గాలి దించలేదు.