మూడేళ్లు డీజిల్ సెవెన్ సీటర్ నడిపినంక రాస్తున్నా: షోరూమ్‌లో ఎవ్వరూ చెప్పని డీపీఎఫ్ సంగతి

బండి ఎట్లుంది అని ఎవరడిగినా మంచిగుంది అనే చెప్తా. ఇంజన్ ఎన్ని సీసీ, సన్‌రూఫ్ ఎంత పెద్దది, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఇవన్నీ యూట్యూబ్‌లో చాలామంది చెప్పేశారు, మళ్లీ నేను చెప్పేదేం లేదు. నేను రాసేది ఒక్కదాని గురించే, డీపీఎఫ్, అంటే డీజిల్ పర్టిక్యులేట్ ఫిల్టర్, పొగలోని మసిని పట్టే జల్లెడ లాంటిది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆపకుండా వేగంగా నడవాలి, టౌన్‌లో చిన్న చిన్న తిరుగుళ్లకి అది కాలక పేరుకుపోతుంది. డీజిల్ ఎస్‌యూవీ కోసం చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా టౌన్‌లోనే తిరిగేవాళ్లు, అడ్వాన్స్ కట్టేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కంపెనీ పేరు, డీలర్ పేరు కావాలనే రాయట్లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొల్యూషన్ రూల్స్ వచ్చినప్పటి నుంచి కొత్త డీజిల్ కార్లలో ఈ ఫిల్టర్ ఉంటూనే ఉంది, ఏ బ్రాండ్ షోరూమ్‌కి పోయినా అడగాల్సిన ప్రశ్నే ఇది.

మాది హనుమకొండ. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, బాపు, అమ్మ, పండక్కీ పబ్బానికీ అత్తమ్మ కూడా వస్తుంది. పాత హ్యాచ్‌బ్యాక్‌లో అందరం పట్టక రెండు బండ్లు తీయాల్సి వచ్చేది, అందుకే 2022 దసరాకి సెవెన్ సీటర్ తీసుకున్నాం. అప్పుడు చిప్‌ల కొరత, వెయిటింగ్ నెలల తరబడి ఉండె, ఏ వేరియంట్ దొరికితే అది తీసుకోండి అన్నట్టు ఉండె పరిస్థితి. షోరూమ్‌లో సేల్స్ చూసిన పిల్లగాడు మంచిగనే మాట్లాడిండు. ఎక్స్‌చేంజ్ ఉందా, ఈఎంఐ ఎంత పెట్టుకుంటారు, ఏ కలర్ కావాలి అన్నీ అడిగిండు. రోజుకు ఎంత నడుపుతారు అని మాత్రం అడగలేదు. నేనే చెప్పిన, తమ్మీ మాకు స్కూలు, ఆఫీసు, కూరగాయలు, ఎప్పుడన్నా కాజీపేట స్టేషన్, అన్నీ కలిపి రోజుకి పది కిలోమీటర్లు దాటదు, పెట్రోల్ అయితే సరిపోదా అని. దానికి ఆయన మాట ఇప్పటికీ గుర్తుంది. "సార్, ఏడుగురు ఎక్కితే పెట్రోల్ లాగదు, మైలేజీ రాదు, రేపు అమ్మేటప్పుడు రేటు రాదు. ఫ్యామిలీకి డీజిలే కరెక్ట్ సార్." పక్కనున్న మేనేజర్ కూడా తల ఊపిండు. ఫిల్టర్ మాటే ఎవ్వరూ ఎత్తలేదు. డెలివరీ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, మ్యూజిక్ సిస్టమ్‌కి ఫోన్ ఎట్ల కలపాలో, సన్‌రూఫ్ ఎట్ల తెరవాలో ఓపిగ్గా చూపించారు. మీటర్‌లో ఏ లైట్ వస్తే ఏం చేయాలో చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పెట్టలేదు.

మొదటి ఏడాది నిజంగా ఆనందంగనే గడిచింది. ఎత్తులో కూర్చుంటాం కాబట్టి రోడ్డంతా కనిపిస్తుంది, వెనక వరకు ఏసీ బాగా వస్తుంది, నర్సంపేట దగ్గర మా పొలం బాటలో వానాకాలం కూడా కింద తగలకుండా పోయింది. అప్పుడు తెలిసినవాళ్లందరికీ ఇదే కొనుక్కోండి అని నేనే చెప్పిన, మా బామ్మర్ది కూడా నా మాట మీదే అదే షోరూమ్‌లో బుక్ చేసిండు. ఆయనకి ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఆయనది హైదరాబాద్‌లో ఉద్యోగం, వారం వారం హైవే మీద వచ్చిపోతాడు. తేడా అక్కడే ఉంది.

ఇంక అసలు సంగతి. 2024 ఫిబ్రవరిలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. మనవడికి జ్వరం తగ్గితే వాడి ఎత్తు బంగారం ఇస్తానని అత్తమ్మ మొక్కుకుంది, మేడారంలో బంగారం అంటే బెల్లమే. వరంగల్‌లో బెల్లం కొని, వెనక సీటు ఒక పక్క మడిచి దాని మీద సంచులు పెట్టి, అందరం ఎక్కి పొద్దున్నే బయలుదేరినం. ములుగు దాకా బాగానే పోయినం. పస్రా దాటి నార్లాపూర్ వైపు మళ్లినంక బండ్లు ఒకదాని వెనక ఒకటి, కదిలితే నాలుగు అడుగులు, ఆగితే పది నిమిషాలు. అట్ల పాకుతున్నప్పుడు మీటర్‌లో పసుపు లైట్ వచ్చింది, ఒక డబ్బా లోపల చుక్కలు చుక్కలు ఉన్నట్టు గుర్తు. దానికి ముందు కొన్ని వారాల నుంచి మైలేజీ తగ్గడం, బండి ఆపినంక కూడా ముందున్న ఫ్యాన్ గట్టిగ తిరగడం గమనించిన, సర్వీస్‌లో అడిగితే ఎండలకి అట్లనే ఉంటది సార్ అన్నారు. ఆ లైట్ వచ్చినంక కాసేపటికి కింది నుంచి వేడి, కాలుతున్న వాసన. అత్తమ్మ భయపడి "బిడ్డా, ఏదో అంటుకున్నట్టుంది, దిగుదాం" అన్నది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టిన్రు. ఏసీ ఆపి అద్దాలు దించిన. ఇంకో కిలోమీటరు పోయేసరికి ఇంజన్ లైట్ కూడా వచ్చి బండి బలం పోయింది, ఎంత తొక్కినా ఆర్‌పీఎం పైకి లేవట్లేదు, చిన్న ఎత్తు ఎక్కడానికి కూడా మూలుగుతుంది. లింప్ మోడ్ అంటారంట దాన్ని, తర్వాత తెలిసింది.

డీలర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ వచ్చిపోతుంది. చాలాసేపటికి దొరికిన మనిషి చెప్పింది ఏంటంటే, "సార్, ఒక ఇరవై నిమిషాలు ఆపకుండా అరవై స్పీడ్‌లో నడపండి, లైట్ పోతుంది." అడవి మధ్యలో, ముందూ వెనకా కంటి చూపు ఆనినంత దూరం బండ్లే ఉన్నప్పుడు! బండి పంపిస్తాం అన్నారు, ఆ రద్దీలో ఏ టోయింగ్ బండి వస్తది. చివరికి పార్కింగ్ దాకా ఎట్లనో చేర్చి, అక్కడి నుంచి బెల్లం సంచులు భుజాన మోసుకుని గద్దెల దగ్గరికి పోయి మొక్కు చెల్లించినం. తల్లుల దయ, అందరం క్షేమంగ తిరిగొచ్చినం, కానీ భూపాలపల్లి, పరకాల మీదుగా నెమ్మదిగా వస్తున్నంతసేపు బాపు సీటు ముందున్న పిడి వదలలేదు. వేడికి కరిగిన బెల్లం సీటు పట్టాల్లోకి కారి, మడిచిన సీటు లేపడానికి తర్వాత వేడినీళ్లతో తుడవాల్సి వచ్చింది.

సర్వీస్ సెంటర్‌లో ఫోర్స్‌డ్ రీజనరేషన్, అంటే ఫిల్టర్‌లోని మసిని బలవంతంగా కాల్చడం, చేశారు. నేను అక్కడే నిలబడి చూసిన. బండిని షెడ్డు బయట ఖాళీ జాగాలో పెట్టి, స్కానర్ తగిలించి, చుట్టూ ఎవర్నీ రానివ్వలేదు. డ్రైవర్ సీట్లో మనిషి లేకుండానే ఇంజన్ దానంతటదే గట్టిగ తిరగడం మొదలైంది, సైలెన్సర్ దగ్గర గాలి వేడికి వణుకుతుంది, స్కానర్‌లో మసి శాతం మెల్లగా దిగుతుంది. లోపల ఆరొందల డిగ్రీల దాకా వేడి పుట్టించి మసిని బూడిద చేస్తుందంట. తర్వాత ఆయిల్ గేజ్ తీసి చూపిస్తే మట్టం పైగీత కంటే పైనుంది. ఆయిల్ తగ్గుతుందని తెలుసు గానీ పెరగడం అదే చూడటం. మసి కాల్చడానికి బండి ఎక్స్‌ట్రా డీజిల్ కొడుతుంది, అది పూర్తికాకముందే మనం ఇంటికొచ్చి ఇంజన్ ఆపేస్తే కాలని డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది, అట్ల మళ్లీ మళ్లీ జరిగితే ఆయిల్ పల్చబడుతుంది. ఆయిల్ టైమ్ కాకముందే మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చు నాదే. సర్వీస్ అడ్వైజర్ అన్న మాటకి నా ఒళ్లు మండింది. "మీ డ్రైవింగ్ ప్యాటర్న్ వల్ల వచ్చింది సార్, వారంటీలో రాదు." నా ప్యాటర్న్ ఏంటో మీ షోరూమ్‌లోనే కూర్చుని చెప్పిన కదా, అప్పుడు డీజిలే కరెక్ట్ అన్నది మీరే కదా అంటే, సేల్స్ వేరు సర్వీస్ వేరు సార్ అన్నడు. ఒకే బోర్డు కింద కూర్చుని ఆ మాట అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

ఆ రోజు నాకు పనికొచ్చే మాట చెప్పింది లోపల పనిచేసే పెద్ద మెకానిక్ ఒకాయన. బండి నిలబడి ఉన్నప్పుడు మామూలుగా ఎనిమిదొందల దగ్గర ఉండే ఆర్‌పీఎం వెయ్యి దగ్గరికి వచ్చినా, ఫ్యాన్ ఆగకుండ తిరిగినా, అప్పటికప్పుడు మైలేజీ చూపించే అంకె సగానికి పడిపోయినా లోపల మసి కాలుతున్నట్టే లెక్క అన్నా, అప్పుడు ఇల్లు వచ్చినా ఆపకు, ఇంకో పదిహేను నిమిషాలు బయట తిప్పు అన్నడు. ఇంకోటి, బయట షాపులో ఏ ఆయిల్ పడితే అది పోయించొద్దంట, బూడిద తక్కువ ఇచ్చే రకం, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ మాత్రమే వాడాలంట. ఫిల్టర్ పూర్తిగా పోతే కొత్తది లక్ష పైనే అన్నడు. కొందరు బయటి మెకానిక్‌లు ఫిల్టర్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తామని అంటారు, నన్నూ అడిగిన్రు. చేయించలేదు, చేయించొద్దు కూడా. పొల్యూషన్ రూల్స్‌కి విరుద్ధం, వారంటీ పోతుంది, ఆ మసి పీల్చేది మన పిల్లలే.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున హైవే ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయొస్తున్న. ఒక గేర్ తక్కువలో, రెండు వేల పైన ఆర్‌పీఎం ఉంచి, ఆపకుండ. ఒకసారి చలికాలంలో అట్ల పోలేక కొన్ని వారాలు గ్యాప్ వస్తే మళ్లీ లైట్ వచ్చింది, కానీ ఈసారి హైవే మీదే పోగొట్టిన. 2026 జనవరిలో మేడారం కూడా ఇదే బండిలో పోయినం, కాకపోతే జాతర రద్దీ మొదలవకముందే, దానికి ముందురోజు హైవే మీద బాగా తిప్పి. ఏ ఇబ్బందీ రాలేదు. మరి డీజిల్ మిగులుతుందని కదా కొన్నది, ఆ ఆదివారం తిరుగుడు డీజిల్ కూడా కలిపితే పెట్రోల్ కంటే మిగిలేది పెద్దగా ఏం లేదు నాకు.

మూడో వరుస గురించి మొదట్లో చాలా గొప్పగా చెప్పేవాణ్ణి, అది పిల్లలకే. అత్తమ్మ ఒకసారి అక్కడ కూర్చుని హైదరాబాద్ దాకా వచ్చి మోకాళ్లు పట్టుకున్నది, అప్పటి నుంచి మధ్య సీటే. ఏడుగురూ ఎక్కితే వెనక ఒక బ్యాగు మించి పట్టదు.

ఇప్పుడు కొనేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. మేం కొన్నప్పుడు పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం దాకా ఉండె, 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ తీసేసి 40 శాతం చేశారు. ఆ తగ్గిన డబ్బు చూపించి డీజిల్ టాప్ వేరియంట్ అంటగట్టాలని చూస్తారు, ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దాని భయం కూడా కలిపి చెప్తారు. మీరు రోజుకి ఎంత నడుపుతారో చెప్పి, డీపీఎఫ్ జామ్ అయితే వారంటీ వస్తుందా రాదా అని కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసియ్యకపోతే మీకు జవాబు దొరికినట్టే. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలు అని ఉంటే కొట్టేయమనండి, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు, బయట రేటు కనుక్కుని వెళ్లండి, మాకు వాళ్లు చెప్పిన దానికీ బయటికీ బాగానే తేడా ఉండె.

మరి కొనొచ్చా అంటే, వారానికి ఒక్కసారైనా హైవే ఎక్కేవాళ్లయితే కొనండి, బండి లాగుడు చూస్తే మీరే సంతోషపడతారు. నాలాగా ఊళ్లో తిరిగేవాళ్లయితే పెట్రోల్ గానీ హైబ్రిడ్ గానీ చూసుకోండి. నా మట్టుకు నేను అమ్మట్లేదు, బాపుకి ఈ మధ్య నెలకోసారి హైదరాబాద్ హాస్పిటల్‌కి చెకప్ ఉంటుంది, ఆ తిరుగుడుకి ఈ బండే సుఖం, ఫిల్టర్ కూడా దానితో శుభ్రపడుతుంది. ఆ అవసరం లేకపోయుంటే పోయిన ఏడాదే ఎక్స్‌చేంజ్‌కి పెట్టేవాణ్ణి.