గండికోటలో ఊడిన పదకొండు వేల చక్రం

గండికోట బాగుంది. పెన్నా లోయ, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ చూశాం, వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను మా బావ సూట్‌కేసు సంగతే రాస్తా.

రూ. 11,499 పెట్టి కడపలో కొన్నాడు. పెద్ద కంపెనీ, పేరు వద్దులే, ఐదేళ్ల వారంటీ. జమ్మలమడుగులో బస్సు దిగేదాకా నాలుగు చక్రాల మీద వేలితో తోసుకుంటూ ఒకటే పోజు. అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లకు ఆటో 500 తీసుకున్నాడు. కోట లోపల ఊళ్లోనే గది, రాత్రికి 1,200. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, రాగి సంకటి, నాటుకోడి పులుసు ప్లేటు 250, ఆ పులుసు కోసమైనా మళ్లీ పోవచ్చు.

ఆటో గది దాకా పోదు. ఎగుడుదిగుడు బండలు, మధ్యలో కంకర. సగం దారిలో టక్ మని శబ్దం, చూస్తే ఒక చక్రం దాని గూడుతో సహా ఊడొచ్చింది. బావ మొహం మాడిపోయింది, సాయంత్రం లోయ దగ్గర ఫొటోలకు కూడా రాలేదు. "ఆ డబ్బుతో ఇంట్లో తలా ఒక బ్యాగు వచ్చేది కదా" అని మా అక్క రాత్రంతా దెప్పుతూనే ఉంది. నా 900 రూపాయల గుడ్డ బ్యాగు మాత్రం భుజాన నిక్షేపంగా ఉంది, అయినా ఆ టైంలో దాని గురించి మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది!

అసలు మంట కడపకు తిరిగొచ్చాక. షోరూమ్‌లో కుర్రాడు బ్యాగును ముట్టుకోకుండానే "వాడకంలో పోయింది సార్, వారంటీ తయారీ లోపానికే" అన్నాడు. కార్డు చూస్తే నిజంగానే సన్నక్షరాల్లో అదే ఉంది. సూట్‌కేసు వాడకంలో కాక బీరువాలో ఉండగా విరుగుతుందా? డబ్బులిచ్చి చేయించుకోవాలన్నా హైదరాబాద్ పంపాలట, చక్రాలకు 1,800, నెల పడుతుందట. పాత బస్టాండు వైపు బ్యాగులు కుట్టే ఆయన 300కే వేరే చక్రం వేసిచ్చాడు. "రివెట్లు కొట్టినారన్నా, అందుకే ఇంత తిప్పలు. స్క్రూలుంటే ఐదు నిమిషాల పని" అన్నాడు.

బ్రాండ్ అంతా దండగ అనను. పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బా అన్ని దెబ్బలు తిన్నా పగల్లేదు, చవక బ్యాగుల్లో వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే పెళుసు, చీలిపోయేదేమో. నెలనెలా విమానమెక్కేవాళ్లకు అది పనికొస్తుంది. కానీ దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కు కౌంటర్‌లో ఇచ్చేసే (చెక్-ఇన్) సామాను 15 కిలోలే, అందులో ఈ పెద్ద డబ్బా బరువే నాలుగు పోతే ఇక బట్టలెన్ని పెడతారు? పేరు చూసి మురిసిపోవడం కూడా అనవసరం, అమెరికన్ టూరిస్టర్ 1993 నుంచి శాంసొనైట్‌దే, స్కైబ్యాగ్స్, అరిస్టోక్రాట్ రెండూ వీఐపీ వాళ్లవే. ఒకే ఇంటివాళ్లు రకరకాల ధరలకు అమ్ముతున్నారు.

బస్సులు, ఆటోలు, కోటలు, గుళ్లు తిరిగే మనకు మూడు నాలుగు వేలు చాలు. చిన్న నాలుగు చక్రాలు నున్నటి గచ్చుకే, మన రోడ్లకు కాస్త పెద్దవి రెండు చక్రాలున్నదే మేలు. బిల్లు కట్టే ముందే బ్యాగు తిరగేసి చక్రాలు స్క్రూలతో ఉన్నాయా చూడండి, చక్రం విరిగితే వారంటీ వస్తుందా అని అడిగి, వస్తుందంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క షాపుకు పోండి.